రెండో సంవత్సరం పిల్లల్ని అడిగే పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని అమ్మ ఫోను చేసినప్పుడు నేను చింతామణి బస్టాండులో చిక్కబళ్ళాపురం బస్సు ఎక్కబోతున్నాను. పొద్దున్నే కాఫీ తాగి గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. "ఎవర్నీ ఒక మాట అడక్కుండా పోయిందే" అని అమ్మ ఏడ్చింది. అంత దుఃఖంలోనూ ఆ మాట నన్ను పట్టుకుంది. నలుగుర్ని అడక్కుండా పెద్దమ్మ ఏ పనీ చేసి ఎరగదు.

ఆమె మా అమ్మకు సొంత అక్క. గుడిబండెలో ఉండేది. పెళ్ళి సంబంధాలు కుదిర్చే మనిషి కాదు, కుదరబోయే వాటిని విచారించి వచ్చే మనిషి. మా బంధువుల్లో ఎవరింట్లో ఆడపిల్లకు సంబంధం వచ్చినా, ఔననే ముందు పెద్దమ్మను పిల్లవాడి ఊరికి పంపేవారు. ఆమె నేరుగా ఆ ఇంటికి పోయేది కాదు. పక్కింటి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగేది. కాఫీ ఇస్తామంటే వద్దనేది. "కాఫీ కాంచేలోగా మాట సర్దుకుంటారు. నీళ్ళిచ్చేటోళ్ళు ఉండేది ఉండేట్ల చెప్తారు" అనేది. ఆ ఇంట్లో కొత్త కోడలుంటే ఆమె జోలికి పోయేది కాదు. "దాన్నడిగితే ఏం తెలుస్తాదే? రెండేండ్లు కాపరం చేసినదాన్ని అడగల్ల."

ఈ విచారణే నా చదువుకూ వచ్చి పడింది. పీయూసీలో, అంటే ఇంటరులో, నాకు మంచి మార్కులే వచ్చాయి. కానీ ఆ ఏడు మా బోరు ఎండిపోయింది, మల్బరీ తోట వాడిపోయింది. బెంగళూరులో వచ్చిన సీటును ఫీజు కట్టలేక వదిలేశాం. "ఎవురన్నా ఊరికే చదివిస్తామంటే ఎంత దూరమన్నా పంపిస్తా పాపా. నా చేత అయ్యేది అంతే" అన్నాడు నాన్న. నేను ఫోను ముందు పెట్టుకుని, పక్క రాష్ట్రాల్లో మార్కులు చూసి స్కాలర్‌షిప్పు ఇచ్చే కాలేజీలు వెతకడం మొదలుపెట్టాను. దొరకవని భయపడ్డాను గానీ, దొరికినవన్నీ ఒకేలా నవ్వే పిల్లల ఫొటోలతో, ఒకేలా పిలిచే మాటలతో నన్ను ఇంకా భయపెట్టాయి. చివరికి తమిళనాడులోని ఒక కాలేజీ నుంచి ఫోను వచ్చింది. ఫీజు లేదు, హాస్టలుకూ డబ్బు లేదు. ఫలానా రోజు సాయంత్రం కౌంటరు మూసేలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వాలి, అంతే.

ఇంట్లో పండగైంది. పెద్దమ్మ మాత్రం "నేనూ వస్తా" అంది. నాన్న ముఖం ముడుచుకున్నాడు. దానికి కారణముంది. అంతకు ముందే మిట్టేమరిలో మా దూరపు బంధువు ఒకాయన కొడుక్కు ఇలాగే వేరే రాష్ట్రంలో స్కాలర్‌షిప్పు వస్తే, పెద్దమ్మ పోయి విచారించి వద్దంది. వాళ్ళు సీటు వదులుకున్నారు. తర్వాత చూస్తే అది మంచి కాలేజీయే. ఆమెతో చెడ్డగా చెప్పినవాడు పరీక్ష తప్పిన కోపంలో ఉన్న కుర్రాడట. మిట్టేమరి పిల్లవాడికి ఒక సంవత్సరం పోయింది. ఆ తండ్రి పెద్దమ్మతో మాట మానేశాడు. "ఒక్కర్నే అడిగొచ్చినా. ముగ్గుర్నన్నా అడగాల్సింది. తప్పు నాదే" అని ఆమె ఎవరి ముందైనా ఒప్పుకునేది.

బస్సు ఎక్కినప్పటి నుంచి నా సర్టిఫికెట్ల ఫైలు పెద్దమ్మ ఒళ్ళోనే. పాత నూలు తువ్వాలులో చుట్టి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుని కూర్చుంది. నిద్రలో కూడా చేతులు కదలలేదు. కాలేజీలో టోకెను తీసుకుని హాల్లో కూర్చున్నాం. కాసేపటికి "నీళ్ళు తాగొస్తా" అని తన ఫోను నా చేతిలో పెట్టి లేచింది. ఫైలు ఆమె చంకలోనే ఉందని నేను గమనించుకునేసరికి మనిషి కనపడలేదు.

మా టోకెను పిలిచారు. నాన్న లేచి, చేతులు ఖాళీగా ఉన్నాయని గుర్తొచ్చి కూర్చున్నాడు. మా వెనకవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు పోయి, కాగితాలిచ్చి నవ్వుతూ బయటికి పోతున్నారు. కౌంటరులో కూర్చున్నాయన గడియారం వైపు చూపించి తలాడించాడు. నాన్న నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "మిట్టేమరి పిల్లోని గతే మనకూ పట్టిస్తాదా ఏమి ఈయమ్మ? పో, యాడుండాదో చూడు" అన్నాడు. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు.

నేను పరుగెత్తాను. క్యాంటీనులో లేదు. లైబ్రరీ మెట్ల మీద లేదు. అడుగుదామంటే నాకు అరవం రాదు. చివరికి అమ్మాయిల హాస్టలు వెనక, బట్టలారేసే తీగల కింద కనిపించింది. అనంతపురం వైపు నుంచి వచ్చి అక్కడ చదువుకుంటున్న ఇద్దరమ్మాయిలతో మాట్లాడుతోంది. చేతిలో నీళ్ళ గ్లాసు, చంకలో ఫైలు.

"పెద్దమ్మా, కౌంటరు మూసేస్తాండారు! ఫైలియ్యి!"

"ఉండు పాపా. ఇద్దర్నే అడిగినా. ఇంగొకరు రావల్ల."

నాకు ఏడుపొచ్చింది. ఫైలు పట్టుకుని లాగాను. ఆమె వదల్లేదు. ఆ వయసులో అంత బలం ఎక్కడిదో! ఇంతలో తడి బట్టల బకెట్టుతో వాళ్ళ వైపుదే ఇంకో అమ్మాయి వచ్చింది. పెద్దమ్మ అదే ప్రశ్న అడిగింది: "నీకు రెండో ఏడు కూడా ఊరికేనేనామ్మా?" ఆ అమ్మాయి బకెట్టు దించి మిగతా ఇద్దరి వైపూ చూసింది. "మొదటేడే అవ్వా. రెండో ఏడు నుంచి క్లాసులో అందరికంటే ముందుండే కొంతమందికే. మిగతావాళ్ళం మొత్తం కట్టల్ల. మధ్యలో పోతామంటే ఒరిజినల్స్ ఇయ్యరు" అంది.

మేం తిరిగి వచ్చేసరికి హాలు దాదాపు ఖాళీ. నాన్న కౌంటరు చెక్కను పట్టుకుని నిలబడి ఉన్నాడు, వదిలితే మూసేస్తారన్నట్టు. పెద్దమ్మ ఆయన పక్కకు పోయి మెల్లగా అంది. "అప్పా, పెండ్లి ఖర్చు వాళ్ళదేనంట. కాపరం ఖర్చు మనదంట."

"మా పాప ముందే ఉంటాది క్లాసులో. నువ్వు ఫైలియ్యి వదినా."

"ఉంటాది. నేను మాట్లాడిన ముగ్గురూ వాళ్ళ ఊర్లల్లో ముందుండినోళ్ళేనప్పా."

నాన్న చెక్క మీద నుంచి చేతులు తీసి బెంచీ మీద కూర్చున్నాడు. కౌంటరాయన ఇంకొకసారి మా వైపు చూసి తలుపు వేశాడు.

తిరుగు బస్సులోనూ ఫైలు పెద్దమ్మ ఒళ్ళోనే ఉంది. ఇల్లు చేరాక నాన్న ఎండిన తోట వైపు వెళ్ళిపోయాడు. పెద్దమ్మ గుడిబండెకు పోకుండా మా ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున్నుంచీ నేను ఒక్కో కాలేజీకి ఫోను చేయడం, ఆమె పక్కన కూర్చుని "రెండో ఏడు పిల్లోళ్ళతో మాట్లాడిస్తారేమో అడుగు" అనడం. చాలామంది ఫోను పెట్టేశారు. పీయూసీలో నాతో చదివినవాళ్ళు హాస్టళ్ళకు ట్రంకుపెట్టెలు కొనుక్కుంటుంటే నేను ఫోను చెవికి పెట్టుకుని కూర్చున్నాను. ఆమె మీద నాకు పట్టలేని కోపంగా ఉండేది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని ఆమె కలపకుండా ఉండిపోతే అమ్మ ఎందుకని అడిగింది. "మిట్టేమరి పిల్లోడు కండ్ల ముందర నిలబడ్తాండాడే. ఈ పాపకూ ఏడాది పోతే నేనేం జేతును?" అంది. ఆమెకూ భయముంటుందని నాకు అప్పుడే తెలిసింది. నా కోపం అక్కడికి చల్లారింది.

కోయంబత్తూరు వైపు ఒక కాలేజీలో మాత్రం ఫోనెత్తినావిడ, "వచ్చి ఎవరితో కావాలంటే వాళ్ళతో మాట్లాడుకోండి" అంది. అది మొదటిదానంత ఘనంగా లేదు. ఫీజు మాఫీ అవుతుంది, హాస్టలు ఖర్చు మనదే. కానీ ఫస్టు క్లాసు తగ్గకుండా ఉంటే చాలు, నాలుగేళ్ళూ ఇస్తారు. ఈసారి పెద్దమ్మ మెస్సు మెట్ల మీద కూర్చుని నీళ్ళడిగింది. తెలుగు వచ్చిన ముగ్గురితో మాట్లాడింది. నాలుగో అమ్మాయిని కూడా ఆపింది. నాన్న దూరంగా నిలబడి చూశాడు గానీ ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. ఆమె లేచి వచ్చి, తువ్వాలు విప్పి, ఫైలు నా చేతుల్లో పెట్టింది. "ఇప్పుడియ్యి పాపా."

మొదటి సెమిస్టరులో నేను క్లాసులో ముందు లేను సరికదా, వెనక నుంచి లెక్కపెడితే తొందరగా తేలేదాన్ని. అయినా ఫస్టు క్లాసు నిలిచింది, నా చదువూ నిలిచింది. ఆ సంగతి ఫోనులో చెబితే పెద్దమ్మ పొగడ్త ఏమీ ఆశించలేదు. "నీ దగ్గరికెవురన్నా వచ్చి అడిగితే ఉండేది ఉండేట్ల చెప్పు. ఇంగ నీదీ రెండేండ్ల కాపరం అవతాది కదా" అంది. నేను అలాగే చెబుతూ వచ్చాను. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆమె ఆ బట్టల తీగల కింద నిలబడి పెట్టినదే.

దినాలన్నీ అయిపోయిన మరునాడు గుడిబండె ఇంటి ముందు ఒక ఆటో ఆగింది. మిట్టేమరి ఆయన దిగాడు. దినాలకు కూడా రాని మనిషి. వెంట కూతురు. అమ్మ అరుగు మీద చాప పరిచింది. ఆయన లోపలి గోడ వైపు, పెద్దమ్మ ఆనుకుని కూర్చునే చోటు వైపు చూశాడు.

"చిన్నపాపకు స్కాలర్‌షిప్పు ఇస్తామని కేరళలో యాడనో పిలస్తాండారమ్మా" అన్నాడు. "ఎల్లుండి కడాపటి దినమంట. ఈయమ్మనడిగి పోదామని ఆ కాలేజీ ఫోను వచ్చినప్పట్నుంచీ అనుకుంటాంటి. పాత కోపం కాలు కదలనీలేదు. రేపు మాపు అంటాంటే ఆయమ్మే లేకపాయె."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లోపలికి పోయి రెండు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చాను. "ఒరిజినల్స్ ఇచ్చేసినారా అప్పా?" అని అడిగాను.

ఆయన తల అడ్డంగా ఊపి కూతురి వైపు చూశాడు. "రేపు నేనూ వస్తాను మీతో" అన్నాను. ఆ అమ్మాయి ఒక చేత్తో గ్లాసు అందుకుని నీళ్ళు తాగింది. రెండో చెయ్యి ఒళ్ళో ఉన్న ఫైలు మీద నుంచి తీయలేదు.