ఆల్మాజ్ కోసం పచ్చి కాఫీ గింజలు

1978 చలికాలం. టాటానగర్ స్టేషనుకు దగ్గర్లో, జుగ్సలాయి బజారులో మాకొక కాఫీ పొడి షాపు ఉండేది. మా ఆయన అప్పారావు గూడ్సు గార్డు. ఆయన డ్యూటీ వేళలకు పొంతన ఉండేది కాదు కాబట్టి గింజలు వేయించడం, పొడి ఆడించడం, అమ్మడం అన్నీ నేనే చూసుకునేదాన్ని. ఊరంతా టీ తాగేవాళ్లే. మా గిరాకీ అంతా రైల్వేలో ఉన్న మన తెలుగువాళ్లు, బారిడీహ్ వైపు నుంచి సైకిళ్ల మీద వచ్చే కొందరు తమిళులు. అది కూడా తగ్గుముఖం పట్టింది. వేడినీళ్లలో కలిపితే చాలనే ఇన్‌స్టంట్ కాఫీ డబ్బాలు అప్పటికే చాలా ఇళ్లల్లోకి చేరాయి. షాపు ఉంచాలా, మూసేయాలా అని నాలో నేనే కొట్టుమిట్టాడుతున్న రోజులవి.

అలాంటి ఒక మధ్యాహ్నం పొడుగాటి నల్లని అమ్మాయి ఒకతె వచ్చింది. భుజాల మీంచి తెల్లని పల్చటి దుప్పటిలాంటి బట్ట కప్పుకుంది. పేరు ఆల్మాజ్. దేశం ఇథియోపియా. భర్త గోవింద్‌పూర్ దగ్గర లారీల ఫ్యాక్టరీలో ట్రైనింగుకు వచ్చిన ఇంజనీరు. ఆమెకు కొంచెం ఇంగ్లీషు, బజారులో నేర్చుకున్న కొంచెం హిందీ వచ్చు. నా హిందీ కూడా బజారుదే కాబట్టి మాకు ఇబ్బంది లేకపోయింది.

నేను ఆడించిన పొడి వాసన చూసి పక్కన పెట్టేసింది. అందులో చికోరీ కలుస్తుంది. చికోరీ అంటే ఒక రకం దుంపను ఎండబెట్టి, వేయించి కొట్టిన పొడి. డికాక్షన్‌కు చిక్కదనం, నలుపు రావడానికి వేస్తాం. ఆమెకు అది వద్దట. గ్రీన్ బీన్, అంటే వేయించని పచ్చి గింజ కావాలంది. నన్ను అలా అడిగిన గిరాకీ అంతకుముందు ఎవరూ లేరు. మద్రాసు వ్యాపారి పంపిన బస్తాలోంచి తూచి ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే ఆ పొట్లం పట్టుకుని తిరిగొచ్చింది.

"దీదీ, యే కాఫీ బుడ్ఢా హో గయా" అంది.

గింజ ముసలిదైపోయిందట. నాకు రోషం వచ్చింది గానీ, అరచేతిలో పోసుకుని చూస్తే ఆమె మాట నిజమే. గింజ తెల్లబారిపోయింది. గోనె వాసన తప్ప మరో వాసన లేదు. వేయించి చికోరీ కలిపి అమ్మేదాన్ని కాబట్టి అదెప్పుడూ నాకు పట్టలేదు.

దగ్గర్లో ఎక్కడైనా కాఫీ పండుతుందా అని అడిగింది. కూర్గు, చిక్కమగళూరు పేర్లు చెప్పాను. అవి ఎంత దూరమో చెప్పేసరికి ఆమె మొహం వాడిపోయింది. వెళ్లిపోయింది. రెండు రోజులు పోయాక మళ్లీ వచ్చింది. ఆ తర్వాత కూడా వస్తూనే ఉంది. వచ్చి గింజల బస్తాలో చెయ్యి పెట్టి కెలికి, గింజలు వేయించే రోస్టరు చుట్టూ తిరిగి, గుమ్మంలోకి వెళ్లి వీధి చూసి, మళ్లీ లోపలికి వచ్చేది. కూర్చోమంటే కూర్చునేది కాదు. గోవింద్‌పూర్ నుంచి అంత దూరం చాలాసార్లు నడిచే వచ్చేదని తర్వాత తెలిసింది. ఆమెను చూస్తుంటే నాకూ ఒకచోట నిలబడబుద్ధయ్యేది కాదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. అప్పుడు చెప్పింది. వాళ్ల అమ్మ చనిపోయిందట. ఢిల్లీలో చదువుకుంటున్న వాళ్ల ఊరి కుర్రాడు ఫ్యాక్టరీకి ఫోన్ చేసి ఆ కబురు చెప్పాడు. దేశంలో గొడవలుగా ఉన్నాయి, ఇప్పుడు వెళ్తే తిరిగి బయటికి రానివ్వరని భర్త భయం. వాళ్ల దగ్గర మనిషి పోతే ఇరుగుపొరుగంతా వచ్చి కూర్చుంటారు. వాళ్ల ఎదుటే పచ్చి గింజలు వేయించి, దంచి, కాచి మూడు విడతలుగా పోస్తారు. ఆ పొగలో కూర్చునే ఏడుస్తారు. ఆమెకు అది జరగలేదు. కబురు తెలిసిన దగ్గర్నుంచి ఏడుపే రాలేదంది.

ఆ సంగతి ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పాను. ఆయన బూట్లు విప్పుకుంటూ, "మీ అన్నుండేది అరకు లైన్లోనే కదేటి. ఆ కొండల మీద ఫారెస్టోలు కాఫీ తోటలేసేరని మా డ్రైవరొకడు సెప్పినాడు. ఎల్లి సూసి రా" అన్నాడు.

నేను పుట్టింది విజయనగరం పక్కన. మా ఊరి నుంచి చూస్తే పడమట ఆ కొండలే నీలంగా కనిపిస్తాయి. నాకు ఊహ తెలిసేనాటికి అక్కడ కాఫీ మాటే లేదు. ఎప్పుడు వేశారో, ఎప్పుడు కాపుకొచ్చిందో, కాఫీ అమ్ముకుని బతుకుతున్న నాకే తెలియదు.

ఆల్మాజ్ భర్త మొదట ఒప్పుకోలేదు. తర్వాత మా ఆయన వెళ్లి మాట్లాడితే సరేనన్నాడు. షాపుకు తాళం వేసి ఇద్దరం బయల్దేరాం. ఖరగ్‌పూర్‌లో బండి మారి, కొత్తవలసలో మళ్లీ మారాం. దారి పొడుగునా ఆమె తలుపు దగ్గరే నిలబడింది. కొండలెక్కే ప్యాసింజరు ఒక్కో సొరంగంలోకి దూరుతుంటే నాకు ఒకటే ఆలోచన. ఎవరో తెలియని పిల్లను ఎవరి కొండల్లోకో తీసుకుపోతున్నాను, అక్కడ ఏమీ లేకపోతే ఏం చెప్పాలి అని.

మా అన్న సింహాచలం ఆ లైన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. స్టేషను వెనక వాలులోకి తీసుకెళ్లాడు. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్ల నీడన నడుము ఎత్తు కాఫీ పొదలు, కొమ్మలనిండా ఎర్రటి పళ్లు. ఆల్మాజ్ ఒక పండు తెంపి నోట్లో వేసుకుని, తియ్యటి తొక్క చప్పరించి, గింజలు అరచేతిలోకి ఊసింది. చిన్నప్పుడు బడికి పోతూ ఇలాగే తినేవాళ్లమంది. అదొక్కటే మాట. మళ్లీ నడక మొదలుపెట్టింది.

తోట ప్రభుత్వానిది. అక్కడివాళ్లు కూలికి కోసి డిపోకి పోస్తారు. మా అన్నకు తెలిసిన సొంబరి అనే ఆడమనిషి మాత్రం, మిగిలిపోయిన మొక్కలు నాలుగు తెచ్చి ఇంటి వెనక పాతుకుంది. ఆ పళ్లు ఎండి చేటలో గలగలలాడుతున్నాయి. ఆల్మాజ్ ఒకటి కొరికి లోపలి గింజ చూసింది. ఆకుపచ్చగా, నిగనిగలాడుతూ ఉంది. సొంబరి మొత్తం తీసుకుపొమ్మంది. నేను సంచీ విప్పాను. అప్పుడు మా అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"గింజ టేసన్ దాటితే ఊరుకోరమ్మా. పంటంతా గవర్నమెంటుదే అంటారు. రేపు సెకింగులో దొరికితే ఈ సొంబరి మీదకీ వత్తది, నా ఉజ్జోగం మీదకీ వత్తది."

ఆ రోజుల్లో కాఫీ పంట అంతా సర్కారు ద్వారానే అమ్మాలన్న రూలు నాకూ తెలుసు. పెరట్లోదానికి కూడా అది వర్తిస్తుందో లేదో మా ఇద్దరికీ తెలియదు. అంత దూరం వచ్చి, చేతికి అందాక కాదనడం ఎలాగని, విప్పిన సంచీని మళ్లీ మడిచాను. ఆల్మాజ్ నా మొహం చూసి అడిగింది. చెప్పాను. చేటలో పళ్లను చేత్తో ఒకసారి కెలికింది.

"తో ఇధర్ హీ బనాయేగా" అంది. అయితే ఇక్కడే కాచుకుందాం అని.

ఏమిటని సొంబరి మా అన్నను అడిగింది. తల్లి పోయిందని, వాళ్ల దేశంలో ఇలా చేస్తారని ఆయన చెప్పాడు. సొంబరి చీరకొంగుకు చేతులు తుడుచుకుని లేచింది.

"అలాగయితే ఒకర్తే కూకోకూడదు. ఉండండి, పిలుత్తాను."

ఆల్మాజ్ పళ్లను రోట్లో వేసి దంచింది. నేను పొట్టు చెరిగాను. సొంబరి ఇంట్లో జొన్నలు వేయించే మంగలం పొయ్యి మీద పెట్టారు. గింజ చిటపటలాడి రంగు తిరిగి, పొగ లేచింది. ఇన్నేళ్లు నా షాపులో పీల్చిన పొగకూ దీనికీ పోలికే లేదు. బెల్లం, పచ్చిగడ్డి కలిసినట్టుగా ఉంది. ఆల్మాజ్ ఆ మంగలాన్ని తీసుకెళ్లి, సొంబరి పిలిస్తే వచ్చి అరుగు మీద కూర్చున్న ఒక్కొక్కరి ముందూ పట్టింది. వాళ్లు కూడా అర్థమైనట్టే ఆ పొగను చేత్తో మొహానికేసి తోసుకున్నారు.

దంచి, కాచి గిన్నెల్లో పోసింది. అప్పుడు తెలిసింది, వాళ్లలో ఒక్కరూ అంతవరకు కాఫీ తాగలేదని. ఏళ్ల తరబడి కోసి పోయడమే. ఒక ముసలాయన చేదని ఊసేశాడు. ఆడవాళ్లు నవ్వారు. ఆల్మాజ్ కూడా నవ్వింది. రెండో విడతకు ఊసినాయనే గిన్నె చాపాడు. మూడో విడతను వాళ్ల భాషలో దీవెన అంటారట. అది పోస్తుండగా సొంబరి, "మీ అమ్మ పేరేటి?" అని అడిగింది. నేను ఆమెకు హిందీలో చెప్పాల్సిన పని లేకపోయింది. ఎలా తెలిసిందో, తల్లి పేరు చెప్పి, గిన్నె కింద పెట్టి, మోకాళ్ల మీద తల ఆన్చి ఏడ్చింది. సొంబరి లేచి వచ్చి పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. ఆమెతో పాటు రాగం తీసి ఏడ్చింది. మిగతా ఆడవాళ్లూ అందుకున్నారు.

ఖాళీ సంచీతోనే తిరిగొచ్చాం. బండి కదలగానే ఆల్మాజ్ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఖరగ్‌పూర్‌లో నేనే లేపాల్సి వచ్చింది.

ట్రైనింగ్ అయిపోయాక వాళ్లు సొంత దేశం వెళ్లలేదు. మరో దేశంలో పని దొరికిందని, వెళ్లేముందు షాపుకొచ్చి చెప్పింది. ఆ తర్వాత కబురు లేదు. షాపు నేను మూసేయలేదు. మద్రాసు సరుకు గింజ చూడకుండా దించుకోవడం మాత్రం మానేశాను.

మంచి కాఫీ గింజ ఎక్కడిది అని ఇప్పటికీ అడుగుతుంటారు. తెలిసిన ఊళ్ల పేర్లన్నీ చెబుతాను. అయితే ఆ చలికాలం తర్వాత, తూచేముందు నేను కూడా ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను, ఇంట్లో ఎవరెవరు తాగుతారని. ఎంత తూచాలో చూసుకోవడానికని చాలామంది అనుకుంటారు. కొందరు లెక్క చెప్పి పొట్లం తీసుకుపోతారు. ఎవరైనా నేనొక్కణ్ణే అంటే, తూకం ఆపి, పొయ్యి మీద ఇద్దరికి సరిపడా నీళ్లు పెడతాను.