హఫర్‌లో బాషా భాయ్ నడిపిన నోడ్

మదీనా శివార్లలో, ముస్లింలు కానివాళ్లను కూడా రానిచ్చే వైపున, నేను పనిచేసే హోటల్‌కి అడుగు అంతస్తులో కంప్యూటర్ల గది ఒకటి ఉంది. అక్కడి ఏసీల ఫిల్టర్లు నెలకోసారి కడిగి బిగించడం నా పని. మొన్న తలుపు తీయగానే వేడెక్కిన దుమ్ము వాసన ముక్కుకి తగిలింది. ఏదో పెట్టెలో చిన్న ఫ్యాన్ అరిగిపోయి సన్నగా కీచుమంటూ తిరుగుతోంది. చేతిలోని ఫిల్టర్ అలాగే పట్టుకుని నిలబడిపోయాను. హఫర్ అల్ బాతిన్‌లో మా పాత గది, కిటికీ కింద ఇనుప స్టూలు మీద మూత ఊడదీసిన కంప్యూటరు, దాని ముందు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని కూర్చున్న మహబూబ్ బాషా కళ్ల ముందుకొచ్చారు. ఆయనను మీరెవరూ ఎరగరు. నాకూ ఆయనతో గడిచింది ఏడాదిన్నర మాత్రమే. కానీ ఈ దేశంలో నేను నేర్చుకున్నదాంట్లో ఏసీ పని పక్కనపెడితే మిగిలిందంతా ఆ ఏడాదిన్నరలోనే నేర్చుకున్నాను. అది ఆయనకు నేను చేసిన అన్యాయం వల్ల నేర్చుకున్నది కాబట్టి, రాయకుండా ఇన్నాళ్లు దాటవేశాను.

మాది ఆర్మూరు పక్కన పల్లె. పేరు లింబాద్రి. హఫర్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీ మెకానిక్‌గా ఉండేవాణ్ని. గదిలో నాతో పాటు ప్లంబరు సత్తయ్య ఉండేవాడు. వయసులో నాకంటే చాలా పెద్ద, నేను సత్తన్న అనేవాణ్ని. మూడో మంచం ఖాళీ అయినప్పుడు కంపెనీ స్టోర్ చూసే బాషా భాయ్ వచ్చారు. ప్రొద్దుటూరు మనిషి, యాభై దాటినవారు. ఆయన దేన్నీ ఊరికే ఒప్పుకునేవారు కాదు. టీ పొడి డబ్బా మీద గడువు తేదీ చదవనిదే పొయ్యి మీద నీళ్లు పెట్టేవారు కాదు. నేను బయట నలభై ఎనిమిది డిగ్రీలుందని చెబితే, ఎక్కడ చూశావని అడిగేవారు. వచ్చిన మొదటి నెలలోనే సత్తన్న నాతో అన్నాడు: "ఈయన మనల్ని నమ్మడు లింబాద్రీ. మనం గూడ ఈయన్ని నమ్మొద్దు."

ఆఫీసులో పనికిరాదని తీసేసిన కంప్యూటరొకటి ఆయన అడిగి తెచ్చుకున్నారు. కొత్త డిస్కు కొని బిగించారు. కంపెనీ నెట్ వాడకుండా సొంతంగా వేరే కనెక్షన్ పెట్టించుకున్నారు. ఒక శుక్రవారం జుమా నమాజు నుంచి వచ్చి నన్ను పిలిచారు.

"ఇంగ్లీషు అక్షరాలు చదవను వచ్చు గదా నీకు. ఇట్ల రా. తెర మీద ఉండేది ఒక్కొక్కటే చదువు. నేను కాగితంలో కొట్టేసుకుంటా వస్తా."

తెర మీద అంకెలూ అక్షరాలూ కలగలిసిన పొడవాటి వరస ఉంది. మొత్తం అరవై నాలుగు. తాను దింపుకున్న సాఫ్ట్‌వేర్ ఫైలు నుంచి కంప్యూటరు లెక్కగట్టిన సంఖ్య అది. ఫైలులో ఎవరైనా ఒక్క చుక్క మార్చినా ఆ సంఖ్య మారిపోతుందట. తయారుచేసినవాళ్లు ప్రకటించిన సంఖ్యను ఆయన వేరే నెట్ మీద, ఫోన్‌లో చూసి కాగితం మీద రాసుకొచ్చారు. రెండూ ఒకటేనా అని చూడాలి. సగంలో నాకు విసుగు పుట్టింది.

"మొదట్ల కలిసింది, ఆఖర్ల కలిసింది. ఇంకేంది భాయ్, సాలదా?"

"మొదలూ కొసా అందరూ చూస్తారని మోసం చేసేవానికి తెలీదా? మధ్యలోది చదువు."

చదివాను. అన్నీ కలిశాయి. అయినా ఆయన ముఖంలో సంతోషమేమీ కనిపించలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు ఇన్‌స్టాల్ మీట నొక్కారు. అది బిట్‌కాయిన్ నోడ్. ఆ డబ్బు పుట్టినప్పటి నుంచి ప్రపంచంలో ఎవరు ఎవరికి పంపినా ఆ లావాదేవీలన్నీ ఒక చిట్టాలో ఎక్కుతాయట. ఆ చిట్టా మొత్తాన్ని దింపుకుని, మొదటి పేజీ నుంచి తానే సరిచూసుకోవడం ఆ పెట్టె పని. పాత యంత్రం కదా, దగ్గర దగ్గర నెల పట్టింది. తెర మీద శాతం చీమ నడకలా పెరిగేది. ఇరవై దగ్గర ఒకసారి కరెంటు పోయి ఆగింది. ఆయన మళ్లీ మొదలుపెట్టారు.

"దీంతోని ఏమొస్తది భాయ్?" అని అడిగాను.

"ఏమీ రాదు."

"ఏం రాకుంటే మరెందుకు?"

"చూసుకునేదానికి. నా ఫోన్లో రవ్వంత బిట్‌కాయిన్ ఉండాదని ఆప్ చెప్తాది. ఆప్ చేసినోడు ఏం చూపించమంటే అది చూపిస్తాది ఫోను. నిజంగా ఉండాదో లేదో నేను చూసుకోవల్ల."

ఆ జవాబే మమ్మల్ని కుదురుగా ఉండనివ్వలేదు. ఏదో వస్తుందని చెప్పి ఉంటే నమ్మేవాళ్లం. ఏమీ రాని దాని కోసం ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చిన మనిషి జీతం పెట్టి డిస్కు కొంటాడా? సత్తన్న ఫోన్‌లో ఎక్కడో చదివాడు. "గిది పైసలు అచ్చు గుద్దే మిషినట. కరెంటు మస్తు గుంజుతదట. రేపు షుర్తా వస్తే రూమ్ల ఉన్నోళ్లందరిని తోల్కపోతరు." షుర్తా అంటే ఇక్కడి పోలీసులు. ఆ రోజు నుంచి ఆయన ఫోన్ మాట్లాడుతుంటే చెవి అటే వేసేవాణ్ని. నేను గదిలోకి రాగానే ఆయన తెర ఆర్పితే, నన్ను చూసే ఆర్పారనుకునేవాణ్ని.

ఆయన అది కనిపెట్టారు. కోప్పడలేదు. ఒక చీటీ మీద కంప్యూటరు పాస్‌వర్డ్ రాసి నా చేతిలో పెట్టారు. "నువ్వే తెరిచి చూసుకో. నేను లేనప్పుడే చూడు, ఉన్నప్పుడైతే నేనేమన్నా దాచినాననుకుంటావు." తాను డబ్బు అందుకున్న ఒక లావాదేవీ సంఖ్యను అక్కడ కొట్టి ఎలా వెతకాలో కూడా చూపించారు. అది కనిపించింది. నేను ఆ చీటీ పర్సులో దాచుకున్నాను. తెరవలేదు. తెరిస్తే అనుమానం తీరిపోతుందేమోనన్నట్టు.

ఆయన ఎందుకలా తయారయ్యారో ఒకసారి అన్నం తింటూ చెప్పారు. సౌదీకి వచ్చిన కొత్తలో గుమాస్తా ఉద్యోగమని చెప్పి ఏజెంటు అరబ్బీలో ఉన్న కాగితం ముందు పెట్టాడట. "చిన్నప్పటి నుంచి ఖురాన్ చదివినోణ్ని. అక్షరాలన్నీ చదవను వచ్చు అబ్బీ, ఏముందో అర్థం కాదు. అందరూ చూస్తాంటే తెలీదని చెప్పను సిగ్గయింది. సంతకం పెట్టినా." రెండేళ్లు ఎడారిలో ఒంటెల దగ్గర ఉన్నారు. ఆ తర్వాత ఆఫీసు అరబ్బీ నేర్చుకున్నాకే ఇంకో కాగితం ముట్టుకున్నారు. ఆ కథ విని నాకు జాలి కలగాలి. నాకేమో, దెబ్బ తిన్నవాడు కాబట్టి ఇప్పుడు తనే ఎవరినో దెబ్బ కొడుతున్నాడనిపించింది.

ఒకరోజు డ్యూటీ తొందరగా అయిపోయింది. గదిలో ఎవరూ లేరు. నా దగ్గర వైరు చుట్టూ బిగించి కరెంటు కొలిచే మీటరుంది. కంప్యూటరు వైరుకి పెట్టి చూశాను. సీలింగ్ ఫ్యాను ఎంత లాగుతుందో అంతే లాగుతోంది. మా ఏసీ అంతకు ఇరవై రెట్లు లాగేది. పైసలు గుద్దే యంత్రం ఆ కాస్త కరెంటుతో నడవదని ఈ పని చేసేవాణ్ని, నాకు తెలియదా? మీటరు సంచిలో పెట్టేశాను. సత్తన్నకు చెప్పలేదు.

ఆ రోజుల్లోనే ప్రసాద్ గారు మా గదులున్న కంపెనీ క్యాంపుకి రావడం మొదలుపెట్టారు. రాజమండ్రి వైపు మనిషి, ఇంకేదో కంపెనీలో అకౌంటెంటు. శుక్రవారాలు మిఠాయి డబ్బాతో వచ్చి అందరి గదుల్లోనూ కూర్చునేవారు. నన్ను "లింబాద్రి గారూ" అనేవారు. ఈ దేశంలో నన్ను గారు అన్నది ఆయనొక్కరే. "మీరేం కంప్యూటర్లు కొనక్కర్లేదండి. మీ పేరు మీద దుబాయ్‌లో మేం నోడ్ నడుపుతాం. రోజూ వచ్చేది రోజూ మీ ఫోన్‌లో కనిపిస్తుంది." నేను దాచుకున్నది ఇచ్చాను. మర్నాటి నుంచే ఫోన్‌లో అంకె పెరగసాగింది. పెరిగిన ప్రతిసారీ కింద లావాదేవీ సంఖ్య కూడా ఉండేది. ఊళ్లో మా బావకు, ఆయన స్నేహితులు అయిదుగురికి చెప్పాను. వాళ్లు బర్రెలు అమ్మి పంపుతామన్నారు.

బాషా భాయ్‌కి తెలిసి, "ఆ సంఖ్య ఇట్లియ్యి, నా దాంట్లో చూస్తాం" అన్నారు. నేనివ్వలేదు. ప్రసాద్ గారితో చెబితే ఆయన నవ్వారు. "ఆయనకెందుకండీ మీ నెంబర్లు? మీ గదిలో కూర్చుని ఆయనేం చేస్తున్నాడో మీరెప్పుడైనా అడిగారా? రేపు ఏదైనా అయితే మీ ముగ్గురి ఇకామాలూ పోతాయి." ఇకామా పోవడమంటే ఇక్కడ ఉండే అనుమతే పోవడం. రెండు రోజులు ఆ మాటే నా తలలో తిరిగింది. మూడో రోజు ముదీర్ గదికి వెళ్లాను. మా మేనేజరును అందరూ ముదీర్ అనే పిలుస్తారు, ఈజిప్టు మనిషి. మా గదిలో బాషా పైసలు గుద్దే యంత్రం నడుపుతున్నాడని వచ్చీరాని హిందీలో చెప్పాను. ఆయన నా వైపు అనుమానంగా చూసి, "నీకెలా తెలుసు?" అన్నాడు.

"మీటర్ పెట్టి చూశాను ముదీర్. చాలా కరెంటు లాగుతోంది."

ఆ మాట నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఆ సాయంత్రమే ముదీర్ మనుషులొచ్చి పెట్టె పట్టుకుపోయారు. వారంలో బాషా భాయ్‌ని జిజాన్ సైటుకి మార్చారు. దేశంలో ఈ మూల నుంచి ఆ మూలకి. సామాను సర్దుకుంటూ ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. బండి ఎక్కేముందు మాత్రం నా దగ్గరికి వచ్చి ఆగారు. "మీ బావ వాళ్లు పంపకముందు ఆ సంఖ్య యాడన్నా చూసుకో. నన్ను నమ్మొద్దు. ఆయన్ని గూడా నమ్మొద్దు." ఆ మాటలో కోపముంటే తట్టుకునేవాణ్ని.

ముదీర్ ఆఫీసువాళ్లు పెట్టెలో వాళ్లకు అర్థమయ్యేదేమీ దొరక్క స్టోర్‌లో ఒక మూల పడేశారు. పది రోజులకు నేను అక్కడ ఏసీ బాగుచేస్తుంటే, దాన్ని బయట చెత్తలో వేయమన్నారు. గదికి మోసుకొచ్చాను. బావ ఆ ఉదయమే ఫోన్ చేసి, డబ్బు సిద్ధమైంది, ఎవరికి పంపాలని అడిగాడు. సోమవారం చెబుతానన్నాను. బాషా భాయ్ డబ్బు కట్టిన నెట్ కనెక్షన్ ఇంకా ఆగలేదు. శుక్రవారం పొద్దున్నే పర్సులోంచి చీటీ తీసి పాస్‌వర్డ్ కొట్టాను. పెట్టె ఆగిన చోటి నుంచి ఆ పది రోజుల చిట్టా సరిచూసుకుంటూ పోయింది. మధ్యాహ్నానికి నూరు శాతమైంది. నా ఫోన్‌లోని సంఖ్యను ఒక్కొక్క అక్షరమే కొట్టాను. అలాంటి లావాదేవీ లేదని వచ్చింది. తప్పు కొట్టానేమోనని సత్తన్నను ఫోన్ పట్టుకోమని మళ్లీ కొట్టాను. లేదు. ఇంకో సంఖ్య. లేదు. యంత్రమే చెడిందేమోనని, బాషా భాయ్ నాకు చూపించిన సంఖ్య కొట్టాను. అది వెంటనే కనిపించింది.

సత్తన్న తెరకేసి చూసి, "అయితే గా బాషా భాయ్ మంచోడేనారా?" అన్నాడు. నేను బయటికెళ్లి బావకు ఫోన్ చేసి పంపొద్దన్నాను. ఆయనకు కోపమొచ్చింది. ఇన్నాళ్లూ ఊరించి ఇప్పుడు నేనొక్కణ్నే బాగుపడాలని చూస్తున్నానన్నాడు. నెల తిరక్కుండా ప్రసాద్ గారు సెలవు మీద ఇండియా వెళ్లి మళ్లీ రాలేదు. ఫోన్‌లో అంకె ఆ తర్వాత కూడా కొన్నాళ్లు పెరుగుతూనే ఉంది. క్యాంపులో చాలామంది పోగొట్టుకున్నారు. నాదీ పోయింది. బావ వాళ్ల బర్రెలు మిగిలాయి.

బాషా భాయ్‌కి ఫోన్ చేయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

"ముదీర్‌కి చెప్పింది నేనే భాయ్."

"తెలుసు అబ్బీ. మీటరుతో కొలిచినారంటనే అని ముదీరే అడిగినాడు. ఆ గదిలో మీటరు ఎవరిది?"

ఆయనే అన్నారు: "నువ్వు అనుమానపడితే నాకేం బాధ లేదులే. అనుమానం మంచిదే, నేను దాంతోనే బతికినా. కొలిస్తివి గదా? అది ఎంత చూపించిందో నీకు తెలుసు గదా? తెలిసీ ఇంకోటి చెప్తివి. అదొక్కటే." తర్వాత జిజాన్‌లో ఉక్క గురించి మాట్లాడారు. ఫోన్ పెట్టేసేటప్పుడు జాగ్రత్తని చెప్పారు.

నేనప్పటిదాకా ఆయనా నేనూ ఒకేలాంటి అనుమానపు మనుషులమనుకున్నాను. కాదు. ఆయన అనుమానం లేచి వెళ్లి చూసుకునేది, చూశాక ఆగిపోయేది. నాది చూడ్డానికి భయపడేది. చూసినా, తనకు నచ్చనిది కనిపిస్తే మూసిపెట్టేది.

మదీనాలో ఈ పని దొరికాక, హఫర్ వదిలే ముందు ముదీర్ దగ్గరికి వెళ్లాను. అప్పటికి, నన్ను వేరే కంపెనీకి వదిలిపెట్టే రిలీజ్ కాగితం మీద ఆయన సంతకం ఇంకా కాలేదు. సత్తన్న వద్దన్నాడు, సంతకం అయ్యాక చెప్పుకోమన్నాడు. నేను ముందే చెప్పాను: బాషా పెట్టె ఫ్యాను కంటే ఎక్కువ లాగలేదు, నేను అబద్ధం చెప్పాను. ముదీర్ కుర్చీలో వెనక్కి వాలి, ఇప్పుడెందుకు చెబుతున్నావన్నాడు. మీటరు చూపించిన అంకె చెప్పాను. కాగితం మూడు వారాలు ఆయన బల్ల మీదే ఉండిపోయింది. ఆ మూడు వారాలూ మదీనా ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియలేదు. ఆఖరికి సంతకం పెట్టాడు. బాషా గురించి తన ఫైలులో ఒక ముక్క రాసుకోవడం మాత్రం నా కళ్లతో చూశాను. అరబ్బీలో రాశాడు. ఏం రాశావని అడిగి, చదివించుకుని, అర్థం చెప్పించుకుని మరీ బయటికొచ్చాను.

ఈ సంగతి బాషా భాయ్‌కి చెప్పే అవకాశం దొరకలేదు. అప్పటికే ఆయన ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ మీద ప్రొద్దుటూరు వెళ్లిపోయారు. కొద్ది నెలలకే గుండె ఆగి పోయారని వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. ఇప్పుడు ఎవరికి ఏం చెప్పబోయినా, ఆయన వింటే ఎక్కడ చూశావని అడుగుతారన్న ఆలోచన ముందుగా వస్తుంది. సగం మాటలు అక్కడే ఆగిపోతాయి. ముదీర్‌కి చెప్పిన సంగతి ఆయనతో చెప్పినా నా మాట మీద ఒప్పుకునేవారు కాదు, హఫర్‌కి ఫోన్ చేసి ముదీర్‌నే అడిగేవారు. అడిగి ఉంటే బాగుండేది. ఈసారి నేను చెప్పింది, ఆయన కనుక్కున్నది ఒకటే అయ్యేవి.