ఎండ వరస

నీడలో బతికే మొక్కలు ఒక వరస నిండా కళ్ళెదుట ఉండగా, జీవరత్నం ఎండ మొక్కలే ఎందుకు ఏరుకుంది? తెలియక ఏరుకుందా, తెలిసే ఏరుకుందా? ఇన్నేళ్ళుగా ఎటు తిప్పి చూసినా ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. జరిగింది మాత్రం ఇది.

కొత్తపేట దాటి కాలువ గట్టు వెంట వెళ్తే రోడ్డు వారన ఒక తాటాకు పాక ఉండేది. దానికి అటొకటి ఇటొకటి రెండు కొబ్బరి చెట్లు. పెళ్ళయిన రెండో ఏడే మొగుడు పోతే జీవరత్నం పుట్టింటికి తిరిగొచ్చి ఆ పాకలోనే ఉండిపోయింది. అప్పటికే తల్లి లేదు. తండ్రి మంచాన పడ్డాడు. తమ్ముడు సత్యానందం పలక పట్టుకు తిరిగే ఈడు. తండ్రి కూడా పోయాక, ఆ రెండు చెట్ల నీడలో కూర్చునే ఆమె ఈనెలు చీరింది, చీపుర్లు కట్టింది, పీచు నానేసి తాళ్ళు పేనింది. ఆ చీపుర్ల మీదే తమ్ముడు మిషను హాస్టల్లో చదువుకుని, అమలాపురంలో గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. అతనూ ఎవరికీ చెప్పలేదు.

కోనసీమ పచ్చగా ఉంటుందని వచ్చిపోయేవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ పచ్చదనం కింద పుట్టి పెరిగినవాళ్ళకు అక్కడ పచ్చ తప్ప మరో రంగు కనబడదు. జీవరత్నానికి రంగులంటే పిచ్చి. చిన్నప్పుడు ఒకసారి జ్వరమొచ్చి మిషను ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, దొరసాని బంగళా ముందు ఎర్రగా, పసుపుగా, ఊదాగా ఎండలో విరగబూసిన పూలు చూసింది. మందుసీసా చేత్తో పట్టుకుని, బస్సు వెళ్ళిపోయినా తెలియకుండా అలా నిలబడిపోయింది. అంత రంగు మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

ఎనభై ఒకటిలో సత్యానందం పాక వెనక డాబా కట్టాడు. అతని భార్య రూతు స్కూల్లో టీచరు. డాబా పూర్తయ్యాక తెలిసింది, రోడ్డు మీద పోయేవాళ్ళకు ముందు పాకే కనబడుతుందని. డాబా దాని వెనక దాక్కున్నట్టుండేది. పాక తీసేద్దామని మాత్రం రూతు ఒక్కనాడూ అనలేదు. ఆమె గొంతు పెంచే మనిషి కాదు. కుక్కను అదిలించినా మర్యాదగానే అదిలిస్తుంది.

ఒకరోజు స్కూలు నుంచి వచ్చి పాక గుమ్మం దగ్గర నిలబడింది.

"వదినగారూ, ఇంటి ముందు పూలమొక్కలు వేద్దామనుకుంటున్నామండీ. మీ తమ్ముడుగారు మిమ్మల్నే ఏరమన్నారండీ."

"నన్నా?"

"మీకు తెలిసినట్టు మాకేం తెలుస్తుందండీ?"

ఏం వండావనో, చీపురెంతనో తప్ప జీవరత్నాన్ని ఎవరూ ఏమీ అడిగి ఎరగరు. ఆ ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక, తెల్లచీర మార్చుకోకుండానే, ఆమె మరదలితో కలిసి రావులపాలెంలో బస్సు మారి కడియం తోటలకు వెళ్ళింది.

అక్కడ మొక్కలమ్మే అప్పలస్వామి మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపి చూపించాడు. "ఇటుపక్కది ఎండ వరసమ్మా. పొద్దస్తమానం ఎండ తగిలితేనే పూస్తాయి. అటుది నీడ వరస. కొబ్బరిచెట్ల కిందైనా సరే బతికేస్తాయి. ఇంతకీ మీ గుమ్మంలో ఎండెంత?"

జీవరత్నం రూతు వంక చూసింది.

"మీ ఇష్టమండీ వదినగారూ," అంది రూతు గొడుగు మడత పెట్టుకుంటూ. "ఎండదేముందండీ, అదే వస్తుంది."

జీవరత్నం ముందు నీడ వరస వెంటే నడిచింది. కుచ్చుల ఆకులు, మచ్చల ఆకులు, పాకే ఆకులు. అన్నీ ఆకులే. ఒకదాన్ని వేళ్ళతో నిమిరి వదిలేసింది. తర్వాత ఇటు తిరిగింది. కాగితం పూలు, నూరువరహాలు, బిళ్ళగన్నేరు, మెట్టతామర, కోడిజుట్టు పూలు, నేలంతా పరుచుకునే గడ్డి గులాబీలు. ఇది కావాలనీ అది కావాలనీ వరసంతా వేలు చూపించింది. బస్సులో కుండీలు ఒళ్ళో పెట్టుకుని, పక్కనున్నామె చీరకు మట్టి అంటిందని తిట్టినా నవ్వుతూనే కూర్చుంది.

మొక్కలైతే పాతారు. నీళ్ళు పోశారు. ఒక్కటీ పుయ్యలేదు. కాగితం పూల మొక్క పొడుగ్గా సాగి వెలుతురు కోసం రోడ్డు మీదికి వాలింది. గడ్డి గులాబీలు మొగ్గ వేసి, విచ్చుకోకుండానే రాలిపోయాయి.

క్రిస్మస్ ముందు ఒక ఉదయం సత్యానందం మొక్కల మధ్య నిలబడ్డాడు. "ఏవిటక్కా, ఒక్కటీ పుయ్యదు?"

"ఎండ చాల్లేదురా తమ్ముడూ. పైన నీడ."

"మరేం చెయ్యమంటావు? ఎండ మొక్కలు ఏరింది నువ్వే కదా."

వరండాలోంచి రూతు అందుకుంది. "పాపం, వదినగారు ఎంత ముచ్చటపడి ఏరేరండీ. ఆవిడ ముచ్చట తీర్చకపోతే మనకే బాధ కదండీ."

అలా ఆమె ముచ్చట తీర్చడానికి చెట్లు కొట్టించాలని నిర్ణయమైంది. కొబ్బరికాయల దింపు తీసే పోలయ్యకు కబురు వెళ్ళింది. అతను గొడ్డలి భుజాన వేసుకుని వచ్చాడు గానీ, చెట్టు మొదట్లో నిలబడి పైకి చూసి నసిగాడు.

"కాపు మీదున్న చెట్లండీ, గుమాస్తాగారూ. చిన్నప్పుడు ఈ అమ్మే బిందెలతో నీళ్ళు మోసి పెంచింది." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "ఏవమ్మా రత్నమ్మా, కొట్టమంటావా?"

అందరూ ఆమె వైపే చూశారు. వద్దంటే ఆ క్షణంలో ఆగిపోయేది. కాదని కొట్టించే ధైర్యం సత్యానందానికి లేదు, రూతుకు అంత అమర్యాద చేతకాదు. జీవరత్నం చెట్ల వంక చూడలేదు. మొగ్గలోనే రాలిన గడ్డి గులాబీల వంక చూసింది.

"వాటికి ఎండ కావాలంట," అంది.

కొట్టమని అనలేదు. వద్దనీ అనలేదు. పోలయ్య ఉమ్మి అరచేతులు రుద్దుకున్నాడు. మధ్యాహ్నానికి రెండు చెట్లూ రోడ్డుకు అడ్డంగా పడ్డాయి. పడ్డ గెలల్లోంచి ముదురుకాయ ఒకటి ఏరి, ఆమె పైట కింద దాచుకుని పాకలోకి తీసుకుపోయింది. మొలకెత్తితే పెరటి చివర పాతుకుందామని.

సంక్రాంతి వెళ్ళేలోపే తోట భగ్గుమంది. మిషను బంగళా ముందు చూసిన ఎరుపు, పసుపు, ఊదా, ఆమె గుమ్మంలోకి నడిచొచ్చాయి. పొద్దెక్కేకొద్దీ గడ్డి గులాబీలు ఒక్కొక్కటే విచ్చుకుంటుంటే ఆమె అన్నం మర్చిపోయి చూసేది. ఎదురింటి చిన్నమ్మలు గట్టు మీద నుంచే అంది:

"ఏమే రత్నం, గొడుగమ్ముకుని పూలు కొనుక్కున్నావా?"

జీవరత్నం నవ్వింది. అప్పటికింకా మాఘమాసమే.

ఎండలు ముదిరాక పాక పొయ్యిలా అయింది. తాటాకు పెళపెళలాడి రాలింది. నానేసిన పీచు తాడు పేనేలోపే ఎండిపోయేది. డాబా నీడ ఎటు జరిగితే అటు ఈనెల కట్ట ఈడ్చుకుంటూ ఆమె కూడా జరిగేది. మిట్టమధ్యాహ్నం ఆ నీడ జానెడు మిగిలేది. గోడకు వీపు ఆనించి కాళ్ళు ముడుచుకునేది.

"వదినగారూ, చీపుర్లు గోడకు ఆనించకండీ. సున్నం ఊడుతుందండీ," అనేది రూతు కిటికీలోంచి.

ఒకరోజు జీవరత్నం వడదెబ్బకు పడిపోయింది. నిమ్మకాయ నీళ్ళు తాగించి రూతు ఎంతో బాధపడింది. "ఈ ఎండకి పాకలో మీరుండలేరండీ. మెట్ల కింద చల్లగా ఉంటుందండీ." సైకిలూ తవుడు బస్తా కొంచెం జరిపి మెట్ల కింద చాప వేశారు. వారం తిరక్కుండా పాక ఊడదీశారు. పాక ఉన్న నేల ఊరికే ఉంచడం దేనికని సత్యానందం అంటే, మెట్టతామర దుంపలు అక్కడ పాతింది కూడా జీవరత్నమే. డాబాకు ముఖం వచ్చింది.

దాచుకున్న కాయను మెట్ల కింద తడి ఇసకలో పెట్టుకుంది. వేసవి చివరికి బెత్తెడు మొలక లేచింది. పొద్దున్నే లేచి ముందు దాన్ని తడిమి చూసుకునేది.

ఒక శనివారం సత్యానందం ఆఫీసరుగారు భార్యతో సహా ఫలహారానికి వచ్చారు. పూలు చూసి ఆఫీసరు భార్య గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఎంత బావున్నాయండీ! ఎవరేరేరండీ ఈ రంగులు?"

"మావారేనండీ," అంది రూతు.

జీవరత్నం అవతల చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఆఫీసరు భార్య ఆమెను కాసేపు పరిశీలనగా చూసింది. "ఆ మనిషి చెయ్యి మంచిదిలా ఉంది. మా క్వార్టర్సు ముందు ఏం వేసినా బతకట్లేదండీ. కొన్నాళ్ళు మాకు పంపించకూడదూ?"

సత్యానందం అక్క వైపు చూశాడు. రెండుసార్లు దగ్గాడు.

"ఆయ్. పంపిస్తానండీ."

చెంబులో నీళ్ళయిపోయినా జీవరత్నం ఇంకా వంచుతూనే ఉంది.

అప్పుడు రూతు పళ్ళెంతో వచ్చింది. పళ్ళెంలో తెల్లగా, స్పంజిలా, ముక్కలు కోసిన కొబ్బరిపువ్వు. మొలకొచ్చిన కాయ పగలగొడితేనే అది దొరుకుతుంది. "మా ఇంటి చెట్టుదేనండీ," అని అతిథులకు పెట్టింది. ఆఫీసరుగారు రెండోసారి వేయించుకున్నారు. మిగిలిన ముక్క తెచ్చి రూతు జీవరత్నం చేతిలో పెట్టింది.

"మీరూ తీసుకోండి. తియ్యగా ఉందండీ."

వదినగారూ అన్న పిలుపు ఆ సాయంత్రం అతిథులు వెళ్ళేదాకా వినబడలేదు. జీవరత్నం చేతిలో ముక్కను చూసింది. నోట్లో వేసుకుంది. తియ్యగానే ఉంది.

కారు వెళ్ళాక రూతు అంది: "సోమవారం పొద్దున్న ఆయనతో కలిసి అమలాపురం వెళ్ళండి వదినగారూ. పెద్ద ఆవరణండీ. మీకు పొద్దుపోతుంది."

"అక్కడా ఎండేనా అమ్మా?"

"బోలెడెండండీ. చెట్టన్నదే లేదు."

సోమవారం సత్యానందం గడ్డం గీసుకుంటున్నాడు. రూతు లోపల క్యారేజీ కడుతోంది. జీవరత్నం మొక్కలన్నిటికీ నీళ్ళు పోసింది, మెట్టతామరకు ఇంకో చెంబు ఎక్కువే పోసింది. ఈనెలు చీరే కత్తి గుడ్డసంచిలో వేసుకుంది. గడ్డి గులాబీలు ఇంకా విచ్చుకోలేదు. మేకలు రాకుండా గేటు గొళ్ళెం పెట్టి, అమలాపురం బస్సాగే వైపు కాకుండా రోడ్డు దాటి అవతల నిలబడింది.

"ఎక్కడికే?" అని చిన్నమ్మలు అడిగింది. రావులపాలెం బస్సు వచ్చి ఆగింది. లోపల సగం సీట్లు ఖాళీ. జీవరత్నం ఎండ పడే వైపు దాటుకుని, అవతలి వరసలో, నీడ పడే కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలింది. ఇంట్లోంచి "అక్కా, టైమవుతోంది" అని సత్యానందం కేక వినబడింది. ఆమె తల తిప్పలేదు.