మేక ఇచ్చిన తీర్పు, పిల్లి పెట్టిన సంతకం

తొర్రూరులో మా గల్లీ మీదుగా ఎప్పుడైనా వెళితే, మా గేటు పక్కన ఒక మేక తళతళలాడే స్టీలు బకెట్లో నీళ్లు తాగుతూ కనిపిస్తుంది. మేకకు అంత మర్యాద ఏమిటని మాత్రం అడగకండి. అడిగితే నా పరువు పోయిన కథంతా చెప్పాల్సి వస్తుంది. అడిగారా? సరే, వినండి.

అప్పటికి నాకు పెళ్లై ఏడాది. మా గల్లీ ఆడవాళ్లందరికీ మిద్దె మీద కుండీల్లో ఆకుకూరలు పెంచే పిచ్చి పట్టిన రోజులవి. పొద్దున లేస్తే ఎవరి కొత్తిమీర ఎంత లేచిందన్నదే ముచ్చట. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. "పోటీ పెడదాం, జడ్జిగా నేనుంటా, బహుమతి స్టీలు బకెట్" అని వాగాను.

అన్నీ చూసి వడపోస్తే రెండు కుండీలు మిగిలాయి. ఒకటి కుడిపక్కింటి షాహీన్ ఆపా పుదీన, రెండోది ఎడమపక్కింటి సత్తక్క పుంటికూర, అదే గోంగూర. అప్పుడు తెలిసింది నేను ఎక్కడ ఇరుక్కున్నానో. సత్తక్క ఇంటి నుంచి తోడు గిన్నె రాకపోతే మా ఇంట్లో పెరుగే లేదు. రంజాన్‌కు షాహీన్ ఆపా పంపే షీర్‌ఖుర్మా రాకపోతే నాకు పండగే లేదు. ఎవరిని గెలిపించినా రెండో ఇంటి గిన్నె ఆగిపోతుంది.

ఆ భయంలో ఒక మహత్తరమైన ఆలోచన తట్టింది. మా అత్తమ్మ పెంచుకునే మేక, రాణి! "రాణి ఏ కుండీలో ముందు మూతి పెడితే వాళ్లే గెలిచినట్టు" అని ప్రకటించాను.

అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "మేక ఒక్క ఆకు తిని ఆగుతదా బిడ్డా?"

"రుచి చూడంగనే తాడు గుంజుత అత్తమ్మా."

"నువ్వు గుంజుతవా?" అంది.

గల్లీ అంతా మా వాకిట్లో చేరింది. రాణి రెండు కుండీలనూ పరీక్షగా చూసి, పుదీన మీద పడింది. నేను తాడు లాగాను. తాడు నన్ను లాగింది. నేను లేచి దుమ్ము దులుపుకునేసరికి కుండీలో నాలుగు కాడలు మిగిలాయి.

"షాహీన్ ఆపా గెలిచింది!" అని చప్పట్లు కొట్టాను. ఇంకెవరూ కొట్టలేదు.

"గెలిచిన్నా? ఏది నా పుదీన?" ఆపా కుండీని నా ముందుకు తోసింది. "ఐతారం బిర్యానీలకని పెంచుకున్న. ఇప్పుడు దాంట్ల నీ మేకను వెయ్యాల్నా?"

రాణి మెల్లగా అత్తమ్మ వెనక్కి జరిగింది.

పోనీ సత్తక్క సంతోషించిందా? లేదండీ. "గోడ మీది కాయితాలు సుత నములుతది, నా పుంటికూరను వాసన సుత చూడలే! గిదేం తీర్పు చెల్లె? ఇంకో జడ్జిని పిలువు!"

ఇంకో జడ్జి అంటే మా ఇంటి పిల్లి ఒక్కటే మిగిలింది. తెచ్చి దించగానే నేరుగా సత్తక్క కుండీ ఎక్కింది. "సూశిన్రా!" అని సత్తక్క అందరి వైపూ గర్వంగా తిరిగింది. పిల్లి పుంటికూర మొదట్లో మట్టి తవ్వింది. వెనక్కి తిరిగి కూర్చుంది. కళ్లు సగం మూసుకుని తన పని కానిచ్చుకుని, పద్ధతిగా మట్టి కప్పి వెళ్లిపోయింది.

కంచే చేను మేసిందని లోకం ఏడుస్తుంది. నేను చేనును జడ్జితో మేపించి, ఎరువు కూడా వేయించాను.

ఆ తర్వాత కొన్నాళ్లు తోడు లేదు, పలకరింపు లేదు. నిజంగానే ఏడుపొచ్చింది. చివరికి ఒక పొద్దున బకెట్ పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఇద్దరినీ పిలిచాను. ఇద్దరూ కలిసే వచ్చారు. నన్ను తిట్టుకుంటూ మునుపటికన్నా దగ్గరయ్యారట!

"మీ ఇద్దర్ల ఎవరన్న తీసుకోండ్రి" అని బతిమాలాను.

"మాకెందుకు? తిన్నోళ్లకే ఇయ్యి" అంది షాహీన్ ఆపా, నవ్వు ఆపుకుంటూ. సత్తక్క కొంగు చాటు నుంచి తోడు గిన్నె తీసి నా చేతిలో పెట్టింది.

అందుకే రాణి రెండు కొమ్ములూ పట్టుకుని ప్రమాణం చేశాను, ఈ జన్మలో ఏ పోటీకీ జడ్జిగా ఉండనని. రాణి మాత్రం ఏ ప్రమాణమూ చేయలేదు. షాహీన్ ఆపా మళ్లీ పుదీన వేసింది. బకెట్లో నీళ్లు తాగినప్పుడల్లా ఇది తలెత్తి ఆ మిద్దె వైపే చూస్తుంది.