పెద్దమ్మ బర్ఫీలు

చిత్తూరులో కోర్టుకు ఎదురుగా నాకొక డీటీపీ సెంటరు ఉంది. అఫిడవిట్లు, పెళ్ళి పత్రికలు, మామిడి మండీల లెటర్‌హెడ్లు, కాగితం మీద ఏమున్నా కంప్యూటర్లోకి ఎక్కించగలనని నాకు కాస్త పొగరు. దాన్ని దించిన ఘనత మా పెద్దమ్మకే దక్కుతుంది.

మా చర్చిలో చేతిగంటల బృందం ఒకటి ఉంది. మిషను కాలంలో దొరసానులు వదిలి వెళ్ళిన కంచు గంటలవి, పిడులకు తోలు పట్టీలుంటాయి. ఒక్కొక్కరి చేతిలో రెండు గంటలు, ఒక్కో గంటకు ఒక్కటే స్వరం. ఎనిమిదిమంది వరుసగా నిలబడి, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు చెయ్యి ఊపితే పాట అవుతుంది. ఒకరు మానేస్తే వాళ్ళ స్వరం పాటలోనే ఉండదు, పక్కవాళ్ళు సర్దుకోవడం కుదరదు.

పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, ఆ వరుసలో మూడో మనిషి. మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది గానీ గంటల దగ్గర ఇంకా డ్యూటీలోనే ఉంది.

వాళ్ళు చూసి వాయించే పుస్తకం పాత సంగీతం మాస్టారు చేత్తో రాసింది. ఆయన ఇప్పుడు లేరు. అయిదు గీతల మీద గుండ్రటి తలలతో రాసే ఇంగ్లీషు స్వరాలు బృందంలో ముగ్గురికి ఎంత నేర్పినా ఎక్కలేదట. విసిగిపోయి, "మీకు ఏ బొమ్మైతే గుర్తుంటుందో చెప్పండి, అదే వేస్తాను" అన్నారట. మండీ ఆయన మామిడి పిందె అడిగాడు. టైలరు కత్తెర అడిగాడు. ప్రతి క్రిస్మస్‌కూ ఊరందరికీ కొబ్బరి బర్ఫీ పంచే మా పెద్దమ్మ బర్ఫీ అడిగింది. అలా ఆ ముగ్గురి స్వరాలకు తలలు మారిపోయాయి. కొత్తవాళ్ళెవరైనా ఆ పుస్తకం తెరిస్తే ఎన్నికల గుర్తుల పట్టిక అనుకుంటారు.

ఆ పుస్తకం పేజీలు పొడి పొడిగా రాలిపోతున్నాయి. ఈస్టరు దగ్గర పడుతోంది. స్కాన్ చేసిన స్వరాలను చదివి, శుభ్రంగా ముద్రించి, పైగా వాయించి కూడా చూపించే సాఫ్ట్‌వేరు ఒకటి దొరికిందని అందరికీ గొప్పగా చెప్పి, పుస్తకం నా సెంటరుకు తెచ్చుకున్నాను.

గుండ్రటివన్నీ అది గుటుక్కున మింగేసింది. మామిడి పిందెల్ని కూడా గుండ్రటివే అనుకుంది. కత్తెరల్ని డోలు దెబ్బలనుకుని ఇంటూ గుర్తులు వేసింది. అర్థంకాని ప్రతిదాని చుట్టూ ఎర్రటి డబ్బా గీసి, ఇది స్వరమా, మరకా అని అడగడం మొదలుపెట్టింది. ఆ పుస్తకంలో మరకలకేం కొదవ? కాఫీ చుక్కలు, కొవ్వొత్తి మైనం, నూనె వేళ్ళు. మొదటి రెండు పేజీల్లో అడిగినవన్నీ నిజంగా మరకలే. ఇంతలో ఒక వకీలు గుమాస్తా అఫిడవిట్టు పట్టుకుని నెత్తిన నిలబడ్డాడు. ఇక అడగవద్దు, అన్నీ మరకలే అనే మీట కూడా ఒకటుంది. నొక్కేశాను. పాట వాయించి చూస్తే కాస్త బోసిగా అనిపించింది గానీ, కంప్యూటరు వాయించడం ఇంతేలే అని సరిపెట్టుకున్నాను.

శనివారం సాయంత్రం ప్రాక్టీసుకు తెల్లటి కొత్త కాగితాలు పంచాను.

"నా మామిడి పిందెలు యాడప్పా? అన్నీ నిమ్మకాయలై కూర్చున్నాయే!" అన్నాడు మండీ ఆయన. అందరూ నవ్వారు. తర్వాత దిద్దుతాలే అన్నాను.

పెద్దమ్మ రెండు గంటలూ భుజాలకు ఆనించుకుని నిలబడింది. పాట మొదలైంది. పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది. పాట అయిపోయింది. ఆమె గంటలు ఒక్కసారి కూడా మోగలేదు. గంటలు గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టింది.

"కాగితం బాగుండాది నాయనా. శుభ్రంగా ఉండాది," అని చెప్పి వెళ్ళిపోయింది.

పాటకు పళ్ళూడినట్టుందని మండీ ఆయన గొణిగితే పాత పుస్తకం తీసి పక్కన పెట్టి చూశాను. బర్ఫీలు ఒక్కటంటే ఒక్కటి లేవు.

పొరపాటు అంతవరకే అయితే నవ్వుకుని దిద్దేసేవాణ్ణి. కానీ రెండు నెలల కిందట చర్చి బయట టీ అంగట్లో చర్చివాళ్ళం నలుగురం ఒక మాట అనుకున్నాం. పెద్దమ్మ చెయ్యి వణుకుతోంది, స్వరం ఆలస్యంగా పడుతోంది, ఆ గంటలు వేరే ఎవరికైనా ఇస్తే బాగుంటుందని. ఆ మాట ముందు అన్నది నేనే. ఆమెతో ఎవరమూ చెప్పలేదు. మా ఊళ్ళో ఏ మాట మాత్రం దాగుతుంది గనక? తన బర్ఫీల్లేని ఆ కాగితాన్ని ఆమె ఎలా చదువుకుని ఉంటుందో అప్పుడు తట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం పొద్దున పాత పుస్తకం చంకలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దమ్మ గడప దగ్గర కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. సాఫ్ట్‌వేరు సంగతంతా చెప్పాను. తలెత్తకుండా వింది.

"నిజం సెప్పు. కంప్యూటరు తీసేసిందా, నువ్వు తీసేసినావా?"

"నేనే పెద్దమ్మా. అది అడిగింది. నేను చూడకుండా మరకలని చెప్పేశాను."

"అడిగిందా?" అప్పుడు తలెత్తింది. "సూడు, దానికన్నా అడగాలని తెలిసింది. నువ్వు టీ అంగట్లో అందరికీ సెప్పినావు, నన్ను ఒక్క మాట అడిగినావా?"

చింతపండు చేట పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, "పా, యాడుండాదో సూపీ ఆ కంప్యూటరు," అంది.

సెంటరులో నా పక్క కుర్చీలో కూర్చుని కళ్ళజోడు సర్దుకుంది. మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాం. ఎర్ర డబ్బా పడ్డప్పుడల్లా ఇది స్వరమా, మరకా అని నేను చదువుతాను. "నాది" అంటుంది. "ఇదీ నాదే." అఫిడవిట్లవాళ్ళు గుమ్మంలో గుంపై వింత చూస్తున్నారు. ఒకచోట మాత్రం అచ్చం బర్ఫీలాగే ఉన్నదాన్ని చూసి, "అది మరక. ఒక యేడు బర్ఫీ తింటా పేజీ తిప్పినాను," అని తనే నవ్వింది.

చివరి పేజీలో, పాట ముగిసే చోట, మాస్టారు మిగతావాటికన్నా పెద్ద బర్ఫీ ఒకటి గీశారు. దాని చుట్టూ ఎర్ర డబ్బా పడింది. నేను మీట మీద వేలు పెట్టబోతే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ వణుకు నా చేతికి తెలిసింది.

"సెయ్యి వణుకుతాది. లేటైతాది. నాకు తెలీదనుకున్నారా? నన్నడిగితే నేనే సెప్తా, ఎప్పుడు మానేదీ."

రెండు నెలల తర్వాత, మొదటిసారి ఆమెనే అడిగాను.

"ఈ పండక్కి మానేస్తావా పెద్దమ్మా?"

తెర మీద బర్ఫీని వేలితో చూపించింది.

"మానను," అంది. "నొక్కు."

స్వరం అని నొక్కాను.