మండె కట్టిన లెట్యూస్

2023 వేసవి. కడియం దగ్గర నాకొక చిన్న నర్సరీ ఉంది. పూల మొక్కలు కాదు, హైడ్రోపోనిక్స్‌కు నారు పెంచి ఇస్తాను. హైడ్రోపోనిక్స్ అంటే మట్టి లేని సాగు. మొక్క వేళ్లు పైపుల్లో పారే నీటిలో ఉంటాయి, ఎరువు ఆ నీటిలోనే కలుపుతాం. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ పైపుల దగ్గర, మోటారు దగ్గర ఆగి ఫొటోలు తీసుకుంటారు. అసలు పని మాత్రం అంతకు ముందే, వేలెడంత స్పాంజి ముక్కలో విత్తనం పెట్టి మొలిపించే దగ్గరే అయిపోతుంది. అక్కడ చెడితే ఆ పైపుల్లో నీళ్లు తిరగడం తప్ప జరిగేదేమీ ఉండదు. తొమ్మిదేళ్లుగా చేస్తున్న పని కాబట్టి నాకు అన్నీ తెలుసనే అనుకునేదాన్ని.

నాగమణి గారిది నిడదవోలు పక్కన ఒక ఊరు. భర్త లారీ మీద తిరుగుతూ నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటారు. పొలం పంపకాలు కాలేదు, వ్యవసాయమంతా బావగారు వీర్రాజు గారి చేతిలోనే. ఇంటి వెనక ఉన్న పది సెంట్లు ఆ కుటుంబానికి తరతరాలుగా వరి నారుమడి. ఈవిడ దాన్ని అడిగి తీసుకుని, నీడకు పైన షేడ్‌నెట్ వేయించి, పైపులు పెట్టించుకుంది. రాజమండ్రిలో ఒక హోటలు వాళ్లు లెట్యూస్ తీసుకుంటామన్నారు. బర్గర్లలో పెట్టే ఆకు అది. ఎండను కాస్త తట్టుకునే రకం నేనే ఎంచి ఇచ్చాను.

వీర్రాజు గారు కాదనలేదు గానీ గడువు పెట్టారు. "కాలవలకి నీళ్లొదిలేసరికి నీ పైపుల్లో మొక్కలుంటే సరేనమ్మా. లేకపోతే అన్నీ తీసి పక్కన పెట్టు, సార్వాకి నారు పోసుకుంటాను" అన్నారట. సార్వా అంటే కాలవ నీళ్లతో వేసే తొలకరి వరి పంట. అన్యాయమైన మాటేమీ కాదు. కానీ ఆ పది సెంట్లు ఒకసారి చేజారితే మళ్లీ రావని ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు.

నా దగ్గర రెండు రోజులు ఉండి పని నేర్చుకుంది. స్పాంజి ఎంత తడపాలి, విత్తనం ఎంత లోతున పెట్టాలి, నీటిలో ఎరువు ఎంత కరిగిందో చూపే ఈసీ మీటర్ ఎలా చదవాలి, అన్నీ పుస్తకంలో రాసుకుంది. చేతులు నెమ్మది, తొందరపాటు లేదు. మంచి విద్యార్థి అనుకున్నాను. ట్రేలు ఎక్కడ పెట్టాలని అడిగితే "నీడలో పెట్టండి, తడి ఆరనివ్వకండి" అని చెప్పి పంపాను.

వారం తర్వాత ఫోన్. "మేడమ్ గారూ, ఒక్కటీ మొలవలేదండి."

మొదటిసారి అందరికీ అయ్యేదే అని ఇంకో ప్యాకెట్ పంపాను. అదీ అంతే. నీళ్లు తెప్పించి చూశాను, వంక పెట్టడానికి లేదు. అదే ప్యాకెట్టులోంచి పది గింజలు నా దగ్గర వేస్తే మూడో రోజుకి తొమ్మిది మొలిచాయి. విత్తనం మంచిది, నీళ్లు మంచివి, ఇక మిగిలింది మనిషే. లెక్క అంత తేలిగ్గా తేల్చేశాను.

ఆ రోజుల్లోనే వీర్రాజు గారు ఫోన్ చేశారు. "దాపరికం లేకుండా చెప్పమ్మా. ఈ పని మా మరదలి వల్ల అవుద్దంటావా?"

చూసొచ్చి చెబుతానని అనొచ్చు. అనలేదు. "విత్తనంలో లోపం లేదండి, నా దగ్గర పదికి తొమ్మిది మొలిచాయి. ఆవిడకి చేతకావడం లేదు" అన్నాను. ఉన్నమాట చెప్పానని కాస్త గర్వం కూడా.

రెండు రోజులు తిరక్కుండానే నాగమణి గారు ఫోన్ చేసింది. గొంతులో మార్పేమీ లేదు. "మూడో ప్యాకెట్ వేశానండి. మీరొక్కసారి వచ్చి చూసెళ్లండి." నిడదవోలులో వేరే పని ఉంది కాబట్టి వెళ్లాను. లేకపోతే వెళ్లేదాన్ని కాదేమో.

షేడ్‌నెట్ కింద ట్రేలు లేవు. ధాన్యం బస్తాలు వేసే రేకుల గదిలోకి తీసుకెళ్లింది. ఓ మూలన వరిగడ్డి కుప్ప. గడ్డి తీసింది, దాని కింద తడి గోనె పట్టా, పట్టా విప్పితే లోపల నా స్పాంజి ట్రేలు. పసిపిల్లకి పొత్తిళ్లు విప్పినంత జాగ్రత్తగా విప్పింది. చెయ్యి పెట్టి చూశాను. సంచిలోంచి థర్మామీటరు తీసి గడ్డిలోకి గుచ్చితే ముప్పై తొమ్మిది చూపించింది.

ఆవిడ లెట్యూస్‌కి మండె కట్టింది. మా వైపు వరి విత్తనాన్ని ఒక రాత్రీ పగలూ నానబెట్టి, గోనెసంచికెత్తి, గడ్డి కప్పి బరువు పెడతారు. లోపల వేడి పుట్టి మొలక పగులుతుంది. అదే మండె కట్టడం. అత్తగారి హయాం నుంచీ ఆ ఇంట్లో మండె ఈవిడే కట్టేదట, ఒక్క ఏడూ తప్పలేదట. లెట్యూస్ తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ముప్పై డిగ్రీలు దాటితే ఆ గింజ చావదు, నిద్రపోతుంది. మొదటిసారి మొలవలేదని రెండోసారి గడ్డి ఇంకాస్త దట్టంగా కప్పింది. శ్రద్ధ పెరిగినకొద్దీ మొలిచే ఆశ తగ్గుతూ వచ్చింది.

విషయం చెప్పాను. నమ్మలేదు. "వేడి తగలకుండా మొలకెలా వస్తుందండి?"

"నా దగ్గర ఇరవై డిగ్రీల్లోనే మొలిచాయండి."

"ఈ ఎండల్లో ఇరవై ఎక్కడిదండి?"

"మొలకల గదిలో ఏసీ ఉంటుందిగా" అన్నాను.

"ఏసీ సంగతి మీరు చెప్పలేదండి" అంది. పుస్తకం తెచ్చి చూపించలేదు, చూపించాల్సిన అవసరమూ లేదు. ఆవిడ ఉన్న రెండు రోజులూ ఆ గదిలోకి తీసుకెళ్లనేలేదు. ఆ గది చల్లదనం నాకు ఎంత అలవాటైపోయిందంటే, అదొక పాఠమని తోచలేదు. గోదావరి జిల్లాలో మే నెలలో "నీడలో పెట్టండి" అని చెప్పి పంపిన మనిషిని నేను. సిగ్గేసింది.

ఆవిడ ఇంట్లో ఏసీ లేదు. ఫ్రిజ్‌లో పెడదామంటే మరీ చలి. నేను తడి గుడ్డలూ, మట్టికుండలూ అని ఏవో చెబుతున్నాను. ఆవిడ వినడం మానేసి గోడ అవతలికి కేకేసింది. "సత్తెమ్మక్కా, నీ పాత పెట్టె ఒకటియ్యవే!"

సత్తెమ్మ చేపలు అమ్ముతుంది. ఐసు వేసి చేపలు మోసే థర్మకోల్ పెట్టె ఒకటి, మూత పగిలింది, గోడ మీద నుంచి అందించింది. "చేపలేస్తారేంటి ఇందులో?" అని అడిగింది. "గడ్డి వేస్తానక్కా" అంది నాగమణి గారు. సున్నిపిండి, నిమ్మచెక్క, ఎండ, అన్నీ అయ్యాక కూడా వాసన పోలేదు. విత్తనానికి ముక్కు లేదు కదా అని నేనే సర్దిచెప్పాను. రెండు సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి పెట్టె మూలల్లో నిలబెట్టింది. మధ్యలో కొత్త గింజలు వేసిన ట్రే, ట్రే పక్కన నా థర్మామీటరు. ఐసు కరిగినప్పుడల్లా సీసాలు మార్చాలి, రోజుకు రెండుసార్లు మూత తీసి గాలి తగలనివ్వాలి. లోపలి వేడి ఇరవై, ఇరవై రెండు మధ్య ఆడింది.

మూడో రోజు పొద్దున్నే ఫొటో వచ్చింది. స్పాంజి ముక్కల మీద బియ్యపు నూకల్లా తెల్లటి మొలకలు. కింద ఒక్క మాటా రాయలేదు. నాకు కళ్లు చెమర్చాయి. మొలక కనబడగానే వెలుతురులోకి మార్చాలి, లేకపోతే సన్నగా సాగి పడిపోతుంది. ఈసారి అది మర్చిపోకుండా చెప్పాను.

కాలవలకు నీళ్లు వదిలారని తెలియగానే వీర్రాజు గారు పిలిచేదాకా ఆగకుండా నేనే బయల్దేరాను. పైపుల్లో మొక్కలు నిలబడి ఉన్నాయి, నేను నోరు విప్పకపోయినా ఆ పూటకు గడిచిపోయేది. కానీ నా మాట ఆయన దగ్గర అలాగే ఉండిపోతుంది. రేపు ఒక్క ట్రే పోయినా అది లేచి కూర్చుంటుంది.

"ఆ రోజు ఆవిడకి చేతకాదన్నాను. తప్పు నాదండి. నేను ఏసీలో మొలిపిస్తూ, ఆవిడకి ఆ మాట చెప్పకుండా పంపాను" అన్నాను.

ఆయన ఒక మొక్కను నెట్ పాట్‌తో సహా పైకి తీశారు. నెట్ పాట్ అంటే వేళ్లు కిందికి దిగేలా చిల్లులుండే చిన్న గిన్నె. వరి నారు కట్ట పట్టుకుని చూసినట్టే వేరు వైపు నుంచి చూశారు. "వేరు బాగుంది" అని మళ్లీ అదే చోట పెట్టారు. "ఈ యేటికి నారు రోడ్డవతల చేలో పోసుకుంటాను. వచ్చే సార్వా సంగతి అప్పుడు చూద్దాం." ఆయన ఇచ్చింది ఒక్క ఏడాదే. ఆవిడ అడిగిందీ అంతే.

ఇప్పుడు నా దగ్గర నారు పని నేర్చుకునేవాళ్లను ముందుగా, మీ ఇంట్లో విత్తనం ఎలా మొలిపిస్తారని అడుగుతాను. మనకు తెలిసిన పనిలోంచే కొత్త పనిని చూస్తాం. అవతలివాళ్లకు ఏం తెలుసో కనుక్కోకుండా చెప్పే పాఠం సగం పాఠమే.

వీర్రాజు గారితో మాట్లాడిన ఆ రోజు, నేను తిరిగొస్తుంటే నాగమణి గారు బస్సు దాకా వచ్చింది. ఆవిడకు కూడా చెప్పేయాలనిపించింది. "అంతకుముందు మీ బావగారు ఫోన్ చేసినప్పుడు, నేను మీ గురించి..."

"తెలుసండి" అంది. "ఆయనకి చెవి సరిగా వినపడదు. స్పీకర్ పెట్టే మాట్లాడతారు. అప్పుడు అన్నం వడ్డిస్తున్నాను."

"మరి మళ్లీ నన్నే ఎందుకు పిలిచారు?"

"మీ దగ్గర తొమ్మిది మొలిచాయన్నారు కదండీ ఆ ఫోన్లోనే. మొలిచినచోటే కదా అడగాలి."

బస్సు వచ్చింది, ఎక్కాను. కళ్లతో చూడని చేతి గురించి ఫోన్లో తీర్పు చెప్పడం అప్పటి నుంచి మానేశాను.