మెల్లగా తన్నే తూటాలు

నా చిన్నప్పుడు ఆంగ్ మో కియో పేటలో మా పక్క ఫ్లాట్‌లోనే మా పెద్దమ్మ ఉండేది. మిగతా రోజుల్లో చీరకట్టులో మార్కెట్‌కు వెళ్లే ఆవిడ, ఆదివారం ప్యాంటు వేసుకుని షూటింగ్ క్లబ్‌లో రివాల్వర్ కాల్చేది. క్లబ్ జట్టులో ఆడమనిషి ఆవిడ ఒక్కతే.

ఒక ఏడాది ఆవిడ వేళ్ల కణుపులు వాచాయి. పచ్చడి సీసా మూత కూడా మా అమ్మే తీసి ఇవ్వాల్సి వచ్చేది. కాల్చిన ప్రతిసారీ రివాల్వర్ వెనక్కి తన్నే దెబ్బకు నొప్పి మోచేతిదాకా పాకేదట. నొప్పి పెట్టనంతవరకే కాల్చమన్నారు డాక్టరు. జట్టు ఎంపిక దగ్గరపడింది. ఈసారి కుర్రవాళ్లకు వదిలేయమని క్లబ్‌లో కొందరు మెత్తగానే చెప్పారు.

ఆ ఆదివారం ఆవిడ నన్ను వెంట తీసుకెళ్లింది. చప్పుడు వినపడకుండా చెవులకు మఫ్‌లు పెట్టుకుని అద్దం వెనక కూర్చున్నాను. ముందు ఎప్పుడూ వాడే తూటాలు కాల్చింది. చెయ్యి పైకి ఎగిరింది, పెదవి బిగుసుకుంది. వాటిని పక్కన పెట్టి, గురికి కొత్త కాగితం తగిలించి, తుపాకిమందు తక్కువ దట్టించిన, మూతి చదునుగా ఉన్న తూటాలు అదే రివాల్వర్‌లో నింపింది. ఒకటి కాల్చి, రివాల్వర్ కింద పెట్టి, పిడికిలి మూసి తెరిచి చూసుకుని, అప్పుడు ఇంకొకటి, అలా అన్నీ కాల్చింది.

"అవి బిగినర్స్‌వి లా," అన్నాడు పక్క వరుసలోని చైనీస్ అంకుల్, అక్కడివాళ్ల మాట తీరులో.

"పేపర్‌కు తెలియదు లా," అంది పెద్దమ్మ.

తీగ మీద కాగితం వెనక్కి వచ్చింది. రంధ్రాలు కత్తిరించినట్టు గుండ్రంగా ఉన్నాయి. అన్నీ నల్ల చుక్క మధ్యలో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అంకుల్ కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశాడు. సీసా మూత తిప్పలేని చేతులేనా ఇవి అనుకున్నాను.

బయటికి వచ్చాక, "పెయిన్ లేదా పెద్దమ్మా?" అని అడిగాను.

"చెయ్యి నొప్పి ఎటూ ఉందే. ఈ తూటా దాన్ని పెంచట్లేదు, అంతే. ఓర్చుకుని కాల్చాననుకో, పేల్చకముందే చెయ్యి బెదిరిపోతుంది. బెదిరిన చేత్తో గురి ఎలా కుదురుతుంది?"

ఆవిడ ఆ ఏడూ జట్టులోకి ఎంపికైంది. తర్వాత చాలా ఏళ్లు ఆ మెల్లటి తూటాలతోనే కాల్చింది.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. ఎవరైనా నొప్పితో నా దగ్గరకు వస్తే, ఓర్చుకోమనీ చెప్పను, మానేయమనీ చెప్పను. పక్కన కూర్చుని, ఏది తగ్గిస్తే ఇష్టమైన పని సాగుతుందో చూద్దాం రమ్మంటాను.